గోళీకి రెండున్నర రెట్లు చాలదు

నిలువు వృత్తం లెక్క ఇంటర్ ఫస్టియర్‌లోనే నోటికొచ్చేస్తుంది. వాలు మీంచి వదిలిన వస్తువు లూపు (నిలువుగా నిలబెట్టిన గుండ్రటి పట్టా, అంటే గోళీ దొర్లే గాడి) పూర్తిగా తిరగాలంటే లూపు అడుగు నుంచి వ్యాసార్ధానికి రెండున్నర రెట్ల ఎత్తు కావాలి. గోళీ కేంద్రం తిరిగే వృత్తం వ్యాసార్ధం 10 సెం.మీ. అనుకుంటే, 25 సెం.మీ. అన్నమాట. ఆ ఎత్తు నుంచి గోళీ వదిలి చూడండి, పైదాకా పోయేలోపే పట్టా వదిలేసి కింద పడుతుంది. ల్యాబ్ రికార్డులో 'ఘర్షణ వల్ల శక్తి నష్టం' అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. ఆ తేడా మొత్తం ఘర్షణ ఖాతాలో వేయడం అన్యాయం.

రెండున్నర ఎలా వచ్చిందో ముందు చూద్దాం. లూపు పైన వేగం సున్నా అయినా ఫరవాలేదనుకోవడం చాలామంది చేసే తప్పు. కడ్డీకి బిగించిన బంతికైతే అది చెల్లుతుంది, ఎందుకంటే కడ్డీ బంతిని పైకి ఆపి ఉంచగలదు. పట్టాకి ఆ పని చేతకాదు, పైన అది కిందికి మాత్రమే నెట్టగలదు. అందుకని కనీస వేగం దగ్గర అభిలంబ బలం (పట్టా నెట్టే బలం) సున్నా అయి, బరువొక్కటే అభికేంద్ర బలం (వృత్తంలో తిప్పడానికి కేంద్రం వైపు లాగే బలం) అవుతుంది. వేగం వర్గం జీఆర్‌కి (గురుత్వ త్వరణం, వ్యాసార్ధాల లబ్ధానికి) సమానం, అంటే వేగం సెకనుకు 0.99 మీటర్లు. ఈ వేగానికి కావలసిన గతిజ శక్తి సరిగ్గా 5 సెం.మీ. కిందికి దిగితే వస్తుంది. లూపు ఎత్తు 20, దానికి ఈ 5 కలిపితే 25. దారి పొడవునా అభిలంబ బలం ఉన్నా అది వేగానికి లంబంగా ఉంటుంది కాబట్టి చేసే పని సున్నా.

ఇదంతా ఘర్షణ లేకుండా జారే దిమ్మకు. గోళీ జారదు, దొర్లుతుంది. దాన్ని తిప్పేది స్థైతిక ఘర్షణ, అంటే తాకే చోట జారనివ్వకుండా పట్టి ఉంచే ఘర్షణ. తాకే బిందువు ఆ క్షణంలో కదలదు కనుక ఆ ఘర్షణ పని కూడా సున్నాయే, యాంత్రిక శక్తి ఎక్కడికీ పోలేదు. కాకపోతే గతిజ శక్తిలో కొంత వాటా భ్రమణానికి వెళ్ళింది. ఘన గోళానికి మొత్తం గతిజ శక్తి, సగం ఎంవీ స్క్వేర్‌కి (ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేసినదానికి, అంటే జారే దిమ్మ గతిజ శక్తికి) 7/5 వంతులు. కాబట్టి ఆ 5 సెం.మీ. కాస్తా 7 అవుతుంది. కావలసిన ఎత్తు 27. ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది కాబట్టి గాజు గోళీకైనా ఉక్కు గోళీకైనా ఇదే లెక్క.

గోళీ గాడి అడుగున కాకుండా రెండు అంచుల మీద దొర్లితే ఇంకా పెరుగుతుంది. 16 మి.మీ. గోళీ, అంచుల మధ్య 10 మి.మీ. అనుకుంటే, దొర్లే వ్యాసార్ధం 8 నుంచి 6.24 మి.మీ.కి తగ్గుతుంది. అదే వేగానికి గోళీ ఎక్కువ చుట్లు తిరగాలి. లెక్క 28.3 సెం.మీ. దగ్గర తేలుతుంది.

ఇక్కడో తమాషా. వ్యాసార్ధాన్ని పట్టా వరకు కొలిచి 10 అని రాస్తే, గాడి అడుగున దొర్లే 16 మి.మీ. గోళీ కేంద్రం తిరిగేది 9.2 సెం.మీ. వృత్తంలో. దానికి 2.7 రెట్లు 24.8! వ్యాసార్ధం పట్టా వరకు కొలవడం, భ్రమణాన్ని మరిచిపోవడం అనే రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 'సూత్రం సరిపోయింది' అనిపిస్తాయి. అందుకే కొలతలన్నీ గోళీ కేంద్రం నుంచే తీసుకోవాలి.

పట్టా కోసం ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీలిస్తే చాలు. మెత్తటి ఫోమ్ కాబట్టి దొర్లుడు ఘర్షణ మాత్రం కాస్త ఎక్కువే. లూపు మొదట్లో మడత పడితే గోళీ అక్కడ గుద్దుకుని శక్తి పోతుంది. లూపు ఊగినా అంతే, రెండు పక్కలా ఊతం కట్టాలి. వాలు మరీ నిటారుగా పెట్టకూడదు. ఘర్షణ గుణకం 0.3 అయితే సుమారు 46 డిగ్రీలు దాటాక ఘన గోళం జారడం మొదలవుతుంది, అప్పుడు ఘర్షణ నిజంగానే శక్తిని తినేస్తుంది. గోళీని నెట్టకుండా స్కేలు అడ్డుపెట్టి, అది తీసి వదలాలి. సెంటీమీటరు చొప్పున ఎత్తు పెంచుతూ, ఒక్కో ఎత్తు దగ్గర ఐదుసార్లు చూడాలి.

గాడి అడుగున దొర్లే 5 గ్రాముల గోళీ 31 సెం.మీ. దగ్గర లూపు దాటిందనుకుందాం. 27 పోగా మిగిలిన 4 సెం.మీ.కి ఎంజీఎచ్ (ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం) కడితే సుమారు 2 మిల్లీజౌళ్ళు, ఘర్షణా మిగతా నష్టాలూ అన్నీ కలిపి అంతే. 25 పట్టుకుని కూర్చుంటే ఆ నష్టం 3 మిల్లీజౌళ్ళని తేలుతుంది.