ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయిన ప్రోగ్రామ్

మా పైథాన్ సర్వీస్ స్టార్ట్ అవడానికి చాలాసేపు పట్టేది. సెట్టింగ్స్ ఫైల్ పైభాగంలోనే ఒక ఫర్ లూప్ ఉంది. ఒక్కో సర్వర్ నుంచి ఒక్కో విలువ వరసగా తెస్తుంది. దాన్ని తీసేసి, అన్నీ ఒకేసారి తెచ్చేలా థ్రెడ్ పూల్ (పనులను సమాంతరంగా చేసే థ్రెడ్ల గుంపు) పెట్టాను. పది నిమిషాల పని అనుకున్నా.

రన్ చేస్తే ఎర్రర్ లేదు, లాగ్ లేదు. సీపీయూ వాడకం సున్నా. వీపీఎన్ మీద అనుమానంతో సగం రోజు పోగొట్టుకున్నాను. ఆ తర్వాత గిల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) మీద పడ్డాను. పైథాన్‌లో థ్రెడ్ అనగానే అందరం దాన్నే తిడతాం కదా! కానీ లాక్ కోసం ఆగిన థ్రెడ్ గిల్‌ను వదిలేస్తుంది, పాపం దాని తప్పేం లేదు.

చివరికి, ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపే పై-స్పై టూల్‌తో డంప్ తీశాను (సుడో, అంటే అడ్మిన్ అనుమతి, అడిగింది). మెయిన్ థ్రెడ్ పూల్ ఫలితాల కోసం చూస్తోంది. పూల్‌లోని థ్రెడ్లన్నీ ఇంపోర్ట్‌లిబ్‌లో (ఇంపోర్ట్ పని చూసే పైథాన్ భాగం), మాడ్యూల్ లాక్ దగ్గర నిలబడి ఉన్నాయి. ఒక మాడ్యూల్, అంటే ఒక పైథాన్ ఫైల్, లోడ్ అయ్యేదాకా దాన్ని అడిగిన మిగతా థ్రెడ్లను ఆపే తాళం అది. విలువలు తెచ్చే ఫంక్షన్ లోపల ఎవరో టైమౌట్ విలువ కోసం మళ్లీ సెట్టింగ్స్‌నే ఇంపోర్ట్ చేశారు. ఆ సెట్టింగ్స్ ఇంకా లోడ్ అవుతూనే ఉంది, దాని లాక్ మెయిన్ థ్రెడ్ చేతిలో ఉంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

మరి పాత లూప్ ఎలా నడిచింది? లోడ్ చేస్తున్న థ్రెడ్డే మళ్లీ ఇంపోర్ట్ అడిగితే పైథాన్ ఆపదు, సగం తయారైన మాడ్యూల్‌నే ఇచ్చేస్తుంది. టైమౌట్ లూప్‌కి పైనే ఉంది కాబట్టి ఇన్నాళ్లూ గట్టెక్కింది.

ఒకప్పుడు ఇంపోర్ట్‌లన్నిటికీ కలిపి ఒకటే లాక్ ఉండేది. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఒక్కో మాడ్యూల్‌కి ఒక్కో లాక్. రెండు థ్రెడ్లు ఒకదాని మాడ్యూల్ కోసం ఇంకోటి ఎదురుచూస్తే పైథాన్ పసిగట్టి విడిపిస్తుంది కూడా. అయితే దానికి కనిపించేది మాడ్యూల్ లాకులే. మా కేసులో ఒకవైపు లాక్, రెండోవైపు పూల్ ముగియాలన్న నిరీక్షణ. ఆ రెండోది దాని లెక్కలోకి రాదు.

పూల్ కోడ్‌ను ఒక ఫంక్షన్‌లో పెట్టి, ఇంపోర్ట్‌లన్నీ అయ్యాక మెయిన్ నుంచి పిలిచాను. టైమౌట్‌ను ఆర్గ్యుమెంట్‌గా పంపాను. వెంటనే స్టార్ట్ అయింది.

ఇలాంటిదే ఇంకో ఫైల్‌లో కనిపించింది, ఇంపోర్ట్ సమయంలోనే థ్రెడ్ మొదలవుతుంది. కానీ అది ముగిసేదాకా ఎవరూ ఆగడం లేదు. ఇంపోర్ట్ పూర్తవగానే అదే కదులుతుంది. దాన్ని ముట్టుకోలేదు.