షెడ్డు పీకించలేదు

మా పెరట్లో మూలనున్న చెక్క షెడ్డు చూసి ఇంటికొచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: పీకించేసి ప్లాస్టిక్‌ది పెట్టుకోండి అని. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను. మే నెలలో నాన్న అమలాపురం నుంచి వచ్చాక ఆ మాట ఆగిపోయింది.

మేముండేది సియాటిల్ పక్కన బాథెల్‌లో. ఇల్లు 1969 నాటిది, షెడ్డు కూడా ఆ రోజులదే అయ్యుండాలి. ఇక్కడ చలికాలమంతా ముసురే. ఉత్తరం గోడకి ఎండ తగలదు, అక్కడ నాచు దుప్పటిలా పరుచుకుంది. మిగతా మూడు గోడలూ పొయ్యిలో బూడిద రంగు. మేకు ఉన్న ప్రతిచోటా కిందికి కాటుక కారినట్టు నల్లటి చార.

నాన్న వడ్రంగి కాదు, కొబ్బరి రైతు. కానీ ఇంట్లో ఏ వాసం మార్చినా వడ్రంగి పక్కనే కూచుని చివరిదాకా చూసే మనిషి. వచ్చిన మర్నాడే టీ గ్లాసు పట్టుకుని షెడ్డు చుట్టూ తిరిగి, వంటింట్లోంచి చిన్న కత్తి తెమ్మన్నారు. మోకాలెత్తున ఒక పలకని గోరంత మేర గీకారు. బూడిద రంగు పొర పొట్టులా లేచింది. దాని కింద, అట్టముక్క మందమైనా లేని లోతులో, ఎర్రటి చెక్క. వేలితో రుద్ది తను వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టారు. యాభై ఏళ్లు వానలో నానిన చెక్కకి అంత ఘాటైన వాసన ఉంటుందని నేననుకోలేదు.

"ఇది చచ్చిన చెక్క కాదమ్మా. పైన తోలు ఎండిందంతే" అన్నారు.

అది వెస్టర్న్ రెడ్ సీడర్. ఈ తీరంలోని మూలవాసులైన సేలిష్ జనం తరతరాలుగా పడవలూ ఇళ్లూ చేసుకున్న చెట్టు. కుళ్లుని ఆపే గుణం దాని ఒంట్లోనే ఉంది. ఎండ దెబ్బకి చెక్కలో నారల్ని అతికి ఉంచే లిగ్నిన్ విరిగిపోతే, వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన పీచే ఆ బూడిద రంగు.

కిందటి వేసవిలో నేను ప్రెషర్ వాషర్, అదే నీళ్లని గట్టిగా చిమ్మే మిషను, అద్దెకి తెచ్చి తలుపు మీద కొట్టాను. మెత్తటి చెక్క కదా, కొబ్బరి పీచులా లేచిపోయింది. నాన్న దాని మీద చెయ్యి వేసి నిమిరారు, ఏమీ అనలేదు. ఆ ఒక్క తలుపుని ఉప్పుకాగితంతో నున్నగా చెయ్యడానికి ఇద్దరికీ రెండు సాయంత్రాలు పట్టింది. చెక్క మీద ఆ మిషను వాడకండి, దయచేసి.

గీకేముందు ఒక పని మాత్రం తప్పదు. అమెరికాలో ఇళ్లకి సీసం కలిపిన రంగుల్ని 1978లో నిషేధించారు. మాది అంతకుముందుది, కిటికీ అంచుల్లో పాత తెల్లరంగు ఉంది. టెస్ట్ కిట్‌తో చూశాక, సీసం లేదని తేలాకే ఉప్పుకాగితం పట్టుకున్నాం.

జూలై ఎండల్లో కడుగుడు మొదలెట్టాం. సోడియం పెర్‌కార్బొనేట్ పొడిని గోరువెచ్చటి నీళ్లలో కలిపి పూసి, ఆరిపోకుండా తడుపుతూ పావుగంట ఉంచి, మెత్తటి బ్రష్షుతో నార వెంబడి రుద్దాం. నురగ కాఫీ డికాషన్‌లా కారింది. మేకుల చారలు దానికి లొంగలేదు. అవి ఇనుమూ, సీడర్‌లోని టానిన్లనే వగరు పదార్థాలూ కలిసి పుట్టిన మరకలు, వాటికి ఆక్సాలిక్ ఆమ్లం పూయాలి. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. పక్కనున్న గులాబీలని ముందే నీళ్లతో బాగా తడిపాం.

అసలు రోగం కింద బయటపడింది. తూర్పు వైపు అడుగు దూలం నేరుగా మట్టి మీదే ఉంది. స్క్రూడ్రైవరు గుచ్చితే మైసూర్‌పాకులో దిగినట్టు దిగింది.

"మన మండువా లోగిట్లో స్తంభాలు మట్టిలో పాతారా? రాతి దిమ్మె మీద నిలబెట్టారు. వీళ్లకెవరూ చెప్పలేదా?" నాన్నకి నిజంగానే కోపం వచ్చింది.

మా ఆయన కారు జాకీ పెట్టి ఆ వైపు అంగుళం అంగుళం లేపారు. కింద కంకర పోసి, సిమెంటు దిమ్మెలు పెట్టి, కొత్త దూలం ఎక్కించాం. కుళ్లిన రెండు పలకలు తీసేసి కొత్తవి వేశాం, ఈసారి స్టెయిన్‌లెస్ మేకులతో. నా లెక్కలో రంగు కన్నా ఈ పనే ముఖ్యం. కింద తడిని ఆపకుండా పైన ఎన్ని పూతలు వేసినా దండగ.

చెక్క బాగా ఆరాక నూనె స్టెయిన్, అంటే చెక్కలోకి ఇంకే రంగు నూనె, పల్చగా పట్టించాం. తుడిచిన గుడ్డల్ని నాన్న ఉండచుట్టి బకెట్లో వెయ్యబోతే ఆపాను. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకోవచ్చు. ఒక్కొక్కటీ విప్పి, బయట విడివిడిగా ఆరేశాం.

నాన్న అక్టోబరు మొదట్లో వెళ్లిపోయారు. మొన్న రాత్రి గట్టి వాన పడింది. పొద్దున్నే టార్చి పట్టుకుని షెడ్డు కిందికి వంగి చూశాను. కంకర తడిగా ఉంది, దూలం పొడిగా ఉంది. ఫొటో తీసి పంపాను. వెంటనే ఫోన్ చేశారు.

"కొత్త పలక చివర సందు చూశావా?"

చూడలేదు. మళ్లీ చెప్పులేసుకుని వెళ్లాను.