రెండు నెలలు మిలిటరీ, పది నెలలు మోటార్ల షాపు

ఈసారీ టెరిటోరియల్ ఆర్మీ క్యాంపు పిలుపు సరిగ్గా ఎండాకాలంలోనే వచ్చింది. దేవరకొండలో నాది బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు. మార్చి నుంచి ఓల్టేజీ పడిపోయి మోటార్లు కాలిపోతుంటాయి, మాకు నాలుగు పైసలు వచ్చేది అప్పుడే, అప్పుడే నేను షట్టర్ దించి, పెట్టె సర్దుకుని, మాల్ మీదుగా పోయే హైదరాబాద్ బస్సెక్కుతాను.

టెరిటోరియల్ ఆర్మీ అంటే మా దిక్కు చాలామందికి తెలియదు. ధోని ఉన్నాడే, అది అంటే మాత్రం తలూపుతారు. (2011లో ఆయనకిచ్చింది గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా, నేను మామూలు జవాన్‌ను, ఆ తేడా ఎవరికి కావాలి!) వేరే బతుకుదెరువు ఉండి, 18 నుంచి 42 ఏళ్ల లోపు వాళ్లు చేరొచ్చు. ఏటా రెండు నెలల ట్రైనింగ్, ఆ రోజులకు రెగ్యులర్ జవాన్ల లెక్కనే జీతం. ఇంటికొచ్చాక మన సంపాదన మనదే.

అక్కడ నాకు ఇష్టమైన పని రైఫిల్ క్లీనింగ్. పుల్‌త్రూ తాడుకు చిందీ, అంటే గుడ్డపేలిక, కట్టి బ్యారెల్‌లోంచి లాగుతాం. నల్లగా వస్తుంది. ఇంకోటి కడతాం. తెల్లగా వచ్చిందిలే అనుకునేసరికి ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి చూసి, ‘ఫిర్ సే’, అంటే మళ్లీ చెయ్యి, అంటాడు. పక్కవాళ్లు గొణుక్కుంటారు గానీ, రోజంతా మోటార్ స్లాట్లలోంచి తీగ లాగే నాకు అదేం పెద్ద కష్టం కాదు.

కష్టమల్లా షాపుతోనే. ఉద్యోగస్థుణ్ణి మిలిటరీ సర్వీసుకు పిలిస్తే, తిరిగొచ్చాక మళ్లీ అదే ఉద్యోగంలోకి తీసుకోవాలని 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోనే ఉంది. సొంత షాపువాడి గిరాకీని ఎవరు తిరిగి తెచ్చిస్తారు? పోయినేడు నేను వచ్చేసరికి ముగ్గురు పాత రైతులు పక్క సందులో షాపుకు అలవాటు పడిపోయారు. వాళ్లదీ తప్పు కాదు, చేను ఎండుతుంటే నా కోసం రెండు నెలలు ఆగుతారా?

నిన్న ఒక పెద్దాయన ఆటోలో మోటారేసుకొచ్చి, "తమ్మీ, నువ్వు సైన్యంల పోతే పో గని, నాది కట్టి పో" అన్నాడు. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, ఇంకా రెండు కాయిల్స్ మిగిలున్నాయి, పొద్దున ఐదున్నరకు బస్సు. బూట్లకు పాలిష్ కూడా కొట్టలేదు.