నోటీసు అంటిస్తే చెప్పినట్టు కాదు

జూన్ రెండో వారంల దుబాయి క్యాంపు మెస్సు తలుపు పక్కన ఒక కాయిదం అంటిస్తరు. అరబ్బీల, ఇంగ్లీషుల ఉంటది. కింద హిందీల రెండు ముక్కలుంటే అదృష్టం, తెలుగు కనబడుడు మాత్రం అరుదు. 15 జూన్ నుంచి డ్యూటీ టైము మారుతదనేదే అందుల సంగతి. సాయంత్రం బస్సు దిగెటప్పటికి అది "ఓటీ (ఓవర్‌టైం) బంద్ అంట" అయితది. రాత్రి దేవరకొండ దిక్కు తండాలకు ఫోన్లు పోయెసరికి "కంపెనీ మూతపడుతదట" అని చేరుతది. కాయిదం అంటించిన టైంకీపరు మాత్రం రిజిస్టర్ల "చెప్పినం" అని రాసుకుంటడు.

మార్పు తెచ్చేది కంపెనీ, మాట పడేది చార్జిహ్యాండు. పది పన్నెండు మంది గ్యాంగును నడిపే మనోళ్లకు ఇది రోజూ ఉండే తిప్పలే.

పాలమూరు లేబర్‌కు ఇట్ల మార్పు చెప్పే పని కొత్తది కాదు. ఒక కాలువ పని కాడి నుంచి ఇంకో డ్యాం పనికి గుంపును మళ్లించేటప్పుడు గుంపు మేస్త్రీ ఏం చెప్పేటోడు? ఎన్ని రోజుల పని, మన్ను గట్టిదా మెత్తదా, గుడిసెలేసుకునే జాగ కాడ నీళ్లున్నయా, కొలతకు ఎంత కడుతరు, పాత అడ్వాన్సు ఏమైతది. ప్రాజెక్టు పేరు ఆఖరుకు వచ్చేది, ఒక్కోసారి రాకనే పోయేది. మేస్త్రీల పద్ధతిల అప్పు, మోసం మస్తుగ ఉండె, దాన్ని పొగడాల్సిన పనిలేదు. చెప్పే వరుస మాత్రం సరైంది. గల్ఫ్ ఆఫీసు కాయిదం ఉల్టా నడుస్తది: ముందు చట్టం నంబరు, తర్వాత కంపెనీ పాలసీ, ఆఖరుకు టైము. పైసల మాట అసలే ఉండదు. మనిషి చెవి మాత్రం ఆ పైసల మాట కోసమే చూస్తుంటది, దొరకకపోతే తనే అల్లుకుంటది.

అందుకని క్యాంపుకు పోకముందే ఇంజనీరు కాడ కూసొని అడగాల్సినవి అడగాలె. ఏ తారీఖు, ఏ షిఫ్టు నుంచి? అన్ని గ్యాంగులకా, మన ఒక్కదానికేనా? పని గంటలెన్ని, అందుల ఓటీ ఎన్ని? బస్సు క్యాంపు నుంచి ఎన్నింటికి కదులుతది? పగటి బువ్వ ఎక్కడ, ఎవరు తెస్తరు? ఎన్నాళ్ల దాక? లెక్క తేడా వస్తే ఎవరిని అడగాలె? జవాబులు రాసుకోవాలె. రెండింటికి జవాబు లేకపోతే "లేదు" అనే రాసుకోవాలె. ఇవి అడగకుండ పోయి నోటికొచ్చింది చెప్తే, రేపు కంపెనీ మాట తప్పినప్పుడు అబద్ధం మన పేరు మీద ఉంటది.

ఎండకాలం టైమునే తీసుకుందాం. యూఏఈల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు 12:30 నుంచి 3 గంటల నడుమ ఎండల పని బంద్. తప్పిన కంపెనీకి మనిషికి 5,000 దిర్హాముల జరిమానా, ఎంత మందైనా 50,000 దాక. మామూలు రోజులల్ల 7 నుంచి 12, మళ్ల 1 నుంచి 6 దాక నడిచే సైటుల 8 గంటల డ్యూటీ, 2 గంటల ఓటీ పడుతది. ఎండకాలంల దాన్ని 5 నుంచి 12:30, నడుమ గంట విరామం, మళ్ల 3 నుంచి 4:30 అని మారిస్తే మొత్తం 8 గంటలే. ఓటీ సున్నా.

ఇప్పుడు పైసలు. బేసిక్ జీతం 900 దిర్హాములున్న మనిషికి 30 రోజులు, 8 గంటల లెక్కన గంటకు 3.75 పడుతది. ఓటీకి 25 శాతం కలిపితే 4.69. రోజుకు 2 గంటలు, నెలకు 26 రోజులంటే 52 గంటలు. సుమారు 244 దిర్హాములు తగ్గుతయి. కంపెనీ రోజుల లెక్క వేరే ఉంటే ఆ లెక్కనే చెప్పాలె, కానీ అంకె చెప్పాలె. "కొంచెం తగ్గొచ్చు" అంటే ఒకడు 50 అనుకుంటడు, ఇంకొకడు 500 అనుకుంటడు, ఇద్దరూ రాత్రి నిద్రపోరు. 244 అంటే తిట్టుకుంటరు, ఆ తర్వాత ఇంటికి పంపేది ఎంత తగ్గించాల్నో లెక్కేసుకుంటరు.

రెండో ప్రశ్న ఖాయంగ వస్తది: "గంటన్నర పని కోసం రెండున్నర గంటలు నీడకింద పండాలెనా?" దీనికి జవాబు ముందే ఇంజనీరు నుంచి తెచ్చుకోవాలె. కాంక్రీటు లారీ మూడు తర్వాతనే వస్తదనో, బస్సులు నడుమల దొరకవనో నిజమైన కారణం ఒకటి ఉంటది. అది చెప్తే గునుసుకుంటనే ఒప్పుకుంటరు. "కంపెనీ రూలు" అంటే జవాబు కాదు, మాట తుంచుడు.

మూడో సంగతి అన్నం. క్యాంపు నుంచి సైటుకు ముప్పావు గంట దారి, 4:50కి హాజరు అంటే బస్సు 4 గంటలకు కదలాలె, మెస్సు 3:15కు తెరవాలె, వంటమనిషి ఒంటిగంటకు పొయ్యి ముట్టియ్యాలె. 3:15కు టిఫిన్ డబ్బాల నింపిన పప్పు 12:30 దాక ఆ వేడికి ఆగదు, పులిసిపోతది. అందుకని పగటి బువ్వ బండిల 12 గంటలకు రావాలె, లేకపోతే డబ్బాల పులిహోర, తొక్కు, రొట్టె లాంటివే పోవాలె. ఇది వంటమనిషికి మూడు రోజుల ముందు చెప్పాలె. చాలా క్యాంపులల్ల మొదటి రోజే మార్పు బెడిసికొట్టేది మెస్సు కాడనే. బాత్రూం కాడ లైను, రూముల లైటు కూడా అంతే: ఆరు గంటలకు లేచేటోళ్లు, మూడింటికి లేచేటోళ్లు ఒకే రూముల ఉంటే లైటు కాడ లొల్లి పుడుతది. వీలైతే షిఫ్టును బట్టి రూములు మార్పించుకోవాలె.

చెప్పే సమయం కూడా చూసుకోవాలె. పొద్దుగాల సైటుల టూల్‌బాక్స్ టాక్ (పని మొదలుకాకముందు చెప్పే సేఫ్టీ మాటలు) అని 60 మందిని నిలబెట్టి, జనరేటర్ మోతల హిందీల ఐదు నిమిషాలు అరుస్తరు, సంతకాలు తీసుకుంటరు. సంతకం హాజరుకే సాక్ష్యం. జీతం, టైము, క్యాంపు మారే మాటలకు అది జాగ కాదు. ముందటి రాత్రి బువ్వ తిన్నంక, ఇంటికి ఫోన్ చెయ్యకముందు, రూముల కూసొని గ్యాంగు గ్యాంగుకు చెప్పాలె. దుబాయిల 8:30 అంటే ఇండియాల 10 గంటలు, కాబట్టి అంతకంటే ఆలస్యం వద్దు. సగం విని ఫోన్ పట్టుకున్నోడు ఇంటికి సగమే చేరవేస్తడు.

గ్యాంగుల ఎవరున్నరో కూడా యాదికుండాలె. దేవరకొండ, అచ్చంపేట తండాలోళ్లకు ఇంట్ల లంబాడి భాష. నారాయణపేట, మక్తల్ దిక్కోళ్లకు కన్నడ కూడా వస్తది. బొంబాయి, భివండీ పోయొచ్చినోళ్లకు హిందీ నాలుక మీదనే ఉంటది, మొదటిసారి వచ్చిన పిల్లగానికి అది గడబిడగ వినబడుతది. తెలుగుల చెప్పి, తండాల పెద్దమనిషితోని ఇంకోసారి లంబాడిల చెప్పిస్తే ఐదు నిమిషాల పనే.

పెద్దమనిషి మాట వచ్చింది కాబట్టి: ఒకే ఊరి గ్యాంగుల వయసుల పెద్దోడు ఒకడుంటడు, కాకానో మామనో. ఆయనకు ఒక రోజు ముందు, పక్కకు పిలిచి చెప్పాలె. అందరితోపాటు వింటే "నాకే చెప్పలె" అని మొదట ఎదురుతిరిగేది ఆయనే. ఇందుల ఒక గుంత ఉంది. ఆయన తన ఊరోళ్లకు, తన చుట్టాలకు చెప్పి మిగతోళ్లను వదిలేస్తడు. అందుకని రెండు ఊర్లుంటే ఇద్దరికీ ఒకే రోజు చెప్పాలె. వయసుల చిన్న చార్జిహ్యాండు "కాకా, రేపటి సంది బస్సు నాలుగింటికే" అని తెలుగుల అనాలె. ఎప్పుడూ తెలుగుల మాట్లాడేటోడు చెడ్డవార్త వచ్చినప్పుడే హిందీకి మారితే, ఇది కంపెనీ నోరు అని వాళ్లకు వెంటనే తెలుస్తది.

చెప్పినంక "సమజైందా?" అని అడిగి లాభం లేదు. అందరు "ఆఁ" అంటరు. "తమ్మీ, సోమవారం నువ్వు ఎన్నింటికి బస్సెక్కుతవు? జులైల ఓటీ ఎన్ని గంటలు పడుతది?" అని అడగాలె. అది కూడా బాగ మాట్లాడేటోణ్ని కాదు, మూలకు కూసున్నోణ్ని. వాడు తప్పు చెప్తే తప్పు మనదే, ఇంకోసారి చెప్పాలె.

కొన్ని మాటలు క్యాంపుల వేరే అర్థంల వినబడుతయి. ఆఫీసు "ట్రాన్స్‌ఫర్" అంటే సైటు మారుడు, క్యాంపుల అది వీసా మారుడు. "రిలీజ్" అంటే ఇంజనీరుకు ప్రాజెక్టు నుంచి పంపుడు, మనోనికి వేరే కంపెనీకి పోయే కాయిదం. "క్యాన్సిల్" అంటే సెలవు రద్దయిందని చెప్పినా, వినేటోడు వీసా పోయిందని బ్యాగు సర్దుతడు. ఈ మూడు మాటలు అసలు వాడొద్దు. "సైటు మారుతది, వీసా మారదు, జీతం కార్డు అదే, క్యాంపు అదే" అని మారనిది కూడా చెప్పాలె.

వాయిస్ మెసేజ్ సంగతి వేరే ఉంది. దుబాయిల వాట్సాప్ కాల్ కలవకపోయినా వాయిస్ పోతది, చదువు రానోడు కూడా వింటడు. కానీ అది తిరుగుతది. దోహాల ఉన్న బావ పంపిన వాయిస్ దుబాయి గ్యాంగుల ఆడుతది: "పది గంటలకే పని ఆపాలె, చట్టం ఉంది" అని. బావ అబద్ధం చెప్పలె. ఖతార్‌ల 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాక 10 నుంచి 3:30 బంద్. కువైట్‌ల జూన్ నుంచి ఆగస్టు దాక 11 నుంచి 4. సౌదీల 12 నుంచి 3. ఏ దేశం రూలు ఆ దేశానిదే. అందుకని మనం పంపే వాయిస్ ఇట్ల మొదలుపెట్టాలె: "ఇయ్యాల జూన్ 12. ఇది దుబాయిల మన గ్యాంగుకు మాత్రమే." తారీఖు లేని వాయిస్ మూడు నెలలకు మళ్ల కొత్తదై వస్తది. నలభై సెకన్లు దాటొద్దు. ఒక వాయిస్‌ల ఒకటే సంగతి.

ఇంటికి చేరాల్సిన మార్పు అన్నిటికంటే ముందు చేరాలె. జీతం పడే తారీఖు 1 నుంచి 10కి జరిగిందనుకో, ఆఫీసుకు అది తొమ్మిది రోజుల తేడా. కల్వకుర్తి కాడ ఇంట్ల 5వ తారీఖు మహిళా సంఘం కిస్తు ఉంటది, చిట్టీ ఉంటది. కిస్తు తప్పితే సంఘంల మాటపడేది ఇంటామె. అందుకని కనీసం ఒక నిండు నెల ముందు చెప్పాలె. ఆ ఒక్క నెలకు కొంత అడ్వాన్సు ఇస్తరా అని అడగడం చార్జిహ్యాండు పనే.

చెప్పకపోతే ఏమైతదో యూఏఈ ఉద్యోగ బీమా (ఉద్యోగం పోతే పైసలిచ్చే బీమా) చూపెట్టింది. 2023 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. బేసిక్ 16,000 లోపు ఉన్నోళ్లకు నెలకు 5 దిర్హాములు. కట్టాల్సింది పనిచేసేటోడే, కంపెనీ కాదు. చేరకపోతే 400 జరిమానా. "కంపెనీనే కోసుకుంటది కావచ్చు" అనుకొని ఊరుకున్నోళ్లు ఉన్నరు. "ఇది నువ్వే కట్టుకోవాలె" అనే ఒక్క ముక్క తెలుగుల చెప్తే అయిపోయేది.

పని చేసే తీరు మారేటప్పుడు మాటల కంటే చెయ్యి ముఖ్యం. ఎత్తు మీద ఒక హుక్కు బెల్టు పోయి రెండు హుక్కులది వచ్చిందంటే, ఒకటి తియ్యకముందు ఇంకోటి తగిలించాలని చార్జిహ్యాండు తనే ఎక్కి చూపియ్యాలె. పని నెమ్మదిస్తది, అది సహజం. టార్గెట్ అట్లనే పెడితే రెండు హుక్కులు ఊరికే వేలాడుతయి. మొదటి వారం టార్గెట్ తగ్గించమని ముందే మాట్లాడుకోవాలె.

మంది తగ్గింపు లాంటి చెడ్డవార్త ఉంటే, తెలిసింది ఎంతో అంతే చెప్పి ఆగాలె. "పేర్లు ఇంకా తెల్వయి. బేస్తారం రాత్రి ఎనిమిదింటికి ఇదే రూముల చెప్త" అని గడువు పెట్టాలె. బేస్తారం నాటికి ఇంకా తెల్వకపోయినా ఆ టైముకు పోయి "ఇంకా తెల్వలె" అనే చెప్పాలె. పోకపోతే ఆ ఖాళీల పుకారు కూసుంటది. జీతం తగ్గిస్తూ సంతకం అడిగే కాయిదం వస్తే, చదివించుకోకుండ పెట్టొద్దని, ఫోటో తీసుకోవాలని చెప్పుడు కంపెనీకి ద్రోహమేం కాదు.

మార్పు మొదలైనంక మూడో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి రూములకు పోయి అడగాలె. మొదటి జీతం చీటీ కాడ ఒక మెలిక ఉంటది. టైంషీటు ప్రతి నెల 20న ముగిసే కంపెనీల, జూన్ 15 మార్పు జూన్ చీటీల ఆరు రోజులే కనబడుతది. 12 గంటల ఓటీ, అంటే 56 దిర్హాములే తగ్గుతయి. "ఓస్, ఇంతేనా" అనుకుంటరు. నిండు 244 పోయేది జూన్ 21 నుంచి జులై 20 లెక్కల. ఆ పైసలు చేతికొచ్చేది ఆగస్టు మొదట్ల. కాబట్టి జూన్ చీటీ వచ్చిన నాడే రూముల కూసొని, ఆగస్టుల పడే అంకెను చీటీ వెనుక పెన్నుతోని రాసియ్యాలె.