డ్రాయరులో దొరికిన మాత్రల అట్టలు

రాత్రి 12 గంటలకు తమ్ముడి కాలి ఎముకకు బయటి నుంచి బిగించిన రింగుల నట్లు తిప్పాలి కనుక మేలుకునే ఉన్నాను, అయితే ఈ టపాకు కారణం అది కాదు. సాయంత్రం స్పానరు కోసం వెతుకుతుంటే, అతను నిరుడు వాడిన యాంటీబయాటిక్ మాత్రల ఖాళీ అట్టలు రబ్బరు బ్యాండు వేసిన కట్టగా చేతికి తగిలాయి. ఏడు నెలల మాత్రలు.

ఆ ఏడు నెలలూ మోకాలి కింద రాడ్ వేసిన చోట చిన్న రంధ్రం గుండా చీము కారింది. మాత్రలు మొదలుపెడితే ఆగేది, ఆపిన పది రోజులకు గుడ్డ మళ్లీ తడిసేది. రాడ్‌ను పట్టుకుని పొరగా పేరుకున్న బాక్టీరియాను మాత్రలు నిర్మూలించలేవు, రక్తం అందక చచ్చిన ఎముకలోకి మందు చేరనే చేరదు. అయినా మొదటి ఆసుపత్రిలో ఒక్కసారి కూడా, ఏ బాక్టీరియానో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చరు పరీక్ష చేయించకుండా, చీటీలో మందు పేరు మారుస్తూ పోయారు. ఆ కట్ట చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శ్రావణంలో ఒక రాత్రి డ్రెస్సింగు మారుస్తుంటే, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా, పాలిపోయి, అంచులు గరుకుగా ఉన్న ముక్క ఒకటి దూదితో పాటు వచ్చింది. అమ్మ, లోపలి చెడంతా బయటపడింది, ఇక మానుతుందని దేవుడికి దండం పెట్టుకుంది. తమ్ముడు దాన్ని చాలాసేపు చూసి, "అక్కా, ఇది నా ఎముకేనా?" అని అడిగాడు. ఎండిన చీము అని చెప్పి, కాగితంలో చుట్టి పారేశాను.

ఇంత రాశాక ఇంకొకటి గుర్తుకొస్తోంది. మూడో నెలలోనే ఆ మొదటి ఆసుపత్రి డాక్టరు, రాడ్ తీసి లోపల శుభ్రం చేయాలన్నారు. మరదలికి అప్పుడు ఎనిమిదో నెల, కాన్పయ్యే దాకా మాత్రలతో నెట్టుకురమ్మని బతిమాలింది మేమే. కాబట్టి పైన రాసిన కోపంలో సగం న్యాయం కాదు. కానీ కల్చరుకు కాన్పుతో పని లేదు, ఆ సగం కోపాన్ని వదులుకోలేను.

ఇప్పటి సర్జన్ రెండు వారాలు యాంటీబయాటిక్స్ ఆపించి, లోతు నుంచి ఐదు నమూనాలు తీసి, రాడ్ తొలగించి, తాజా రక్తం చిమ్మే దాకా చచ్చిన ఎముకను తీసేశారు. నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఏర్పడింది. పైభాగంలో ఎముకను కోసి, వారం ఆగి, ఆ ముక్కను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, నాలుగు విడతలుగా రింగుల నట్లు తిప్పుతూ కిందికి జరుపుతున్నాం. వెనక కొత్త ఎముక పుడుతుంది. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే డాక్టరు రూపొందించిన పద్ధతి ఇది. 1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత బ్రుమెల్, మరుసటి ఏడు మోటారుసైకిలు ప్రమాదంలో విరిగి ఎన్ని ఆపరేషన్లకూ మానని కాలితో చివరికి ఆయన దగ్గరికే వెళ్లాడని తమ్ముడు అందరికీ చెబుతుంటాడు.

ఇవాళ 23వ రోజు. ఎక్స్‌రేలో, జరిపిన ముక్క వెనక పలుచని మబ్బులాంటి నీడ కనిపించింది. అమ్మ ఏడ్చింది.

ఈ సర్జన్ మొదటి రోజే, గాయంలోంచి ఎముక ముక్కలేమైనా వచ్చాయా అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా తమ్ముడు, "ఒకటి వచ్చిందండీ, శ్రావణంలో" అన్నాడు, నా వైపు చూడకుండానే.

పన్నెండు కావస్తోంది, స్పానరు తీసుకుని వెళ్లాలి.