వీఏ సొమ్ముకు పన్ను లేదు, పెన్షన్‌కు ఉంది: నా అనుభవం

అమెరికా ఆర్మీలో 20 ఏళ్ళు చేసి 2022లో రిటైరయ్యాను. పారాచూట్ దూకుళ్ళతో మోకాళ్ళు అరిగిపోయాయి. ఉండేది టెక్సస్ కాబట్టి రాష్ట్ర ఆదాయపు పన్ను గొడవ లేదు, ఉన్నదల్లా ఫెడరల్ పన్నే. "డిజేబుల్డ్ వెటరన్‌వి, నీకు పన్నేమిటి?" అని కలిసినవాళ్ళందరూ అనేవారు. ఇక్కడి తెలుగువాళ్ళకు రిటర్న్‌లు వేసిపెట్టే ఒకాయనైతే పెన్షన్ మొత్తానికీ సున్నా వేసేద్దామన్నాడు. హెచ్1బీ వీసా, ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫారం) వ్యవహారాలు ఆయనకు కొట్టినపిండే గానీ, మిలటరీ పెన్షన్ సంగతి వేరు. ఓ దండం పెట్టి ఇంటికొచ్చి, ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్ వాళ్ళ పబ్లికేషన్ 525 (ఏ ఆదాయానికి పన్నుందో చెప్పే పుస్తకం) ముందేసుకుని కూర్చున్నాను.

దెబ్బ ఎంతదని పన్ను శాఖ అడగదు. డబ్బు ఎవరిచ్చారు, దేనికిచ్చారు అని అడుగుతుంది. వెటరన్స్ శాఖ (వీఏ) ఇచ్చే వైకల్య పరిహారానికి పన్ను లేదు, రిటర్న్‌లో చూపించనక్కరే లేదు. సర్వీసు కాలాన్ని బట్టి డీఫాస్ (సైన్యం జీతాలు, పెన్షన్లు చూసే సంస్థ) ఇచ్చే పెన్షన్‌కు మాత్రం పన్ను కట్టాల్సిందే. దానికి ఏటా 1099-ఆర్ అనే పెన్షన్ లెక్కల ఫారం వస్తుంది.

వీఏ నిర్ణయం రావడానికి ఏడాది దాటింది. నా వైకల్యం 40 శాతం అన్నారు (దీన్నే రేటింగ్ అంటారు), అదీ రిటైరైన మర్నాటి నుంచి లెక్కగట్టి. ఎరియర్స్ వస్తాయని మా ఆవిడ సంబరపడింది. ఏమీ రాలేదు. రేటింగ్ 50 శాతం లోపుంటే వీఏ ఎంతిస్తే పెన్షన్‌లో అంత కోసేస్తారు. అప్పటిదాకా నేను పూర్తి పెన్షన్ తీసుకున్నాను గదా, ఆ ఎరియర్స్‌ని దానికే చెల్లు వేసుకున్నారు.

కలిసొచ్చేది ఏమైనా ఉంటే పన్నులోనే. ఆ నెలల్లో నేను పన్ను కట్టిన పెన్షన్‌లో కొంత భాగం ఇప్పుడు పన్ను లేని వీఏ సొమ్ము కింద లెక్క. నెలకు 800 డాలర్లనుకోండి, ఏడాదికి 9,600. 22 శాతం స్లాబులో ఉన్నవాడికి 2,112 డాలర్లు వెనక్కి రావాలి. పిలిచి ఎవరూ ఇవ్వరు, 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి మనమే అడగాలి. నా పాత 1099-ఆర్‌లో పాత అంకెలే ఉన్నాయి కాబట్టి వీఏ ఉత్తరమే ఆధారం. అమలు తేదీ, నెలనెలా మొత్తం ఉన్న పేజీ జతచేసి, కారణం రాసేచోట ఏ తేదీ నుంచి ఎంత శాతమో, రిటర్న్‌లో పన్ను పడే పెన్షన్ చూపే 5బి గడిలో అంకె ఎంత తగ్గాలో క్లుప్తంగా రాశాను.

మామూలు గడువు రిటర్న్ వేసిన మూడేళ్ళు. వీఏ నిర్ణయం ఆలస్యమైనవాళ్ళకు ఆ నిర్ణయం తేదీ నుంచి ఏడాది వెసులుబాటుంది గానీ, ఆ తేదీకి ఐదేళ్ళ కంటే ముందే మొదలైన పన్ను సంవత్సరాలకు అది వర్తించదు. నాకు చెక్కు వడ్డీతో సహా వచ్చింది. ఆ వడ్డీకి మళ్ళీ పన్ను, అది వేరే సంగతి!

మాధవరంలో మా మావయ్య ఉన్నాడు, ఇండియన్ ఆర్మీలో హవల్దారుగా చేశాడు. "దెబ్బ తిన్నోడి పెన్షన్ మీద పన్నేంట్రా?" అన్నాడు ఫోన్లో. ఇండియాలోనూ ఉందిగా అని, 2019 జూన్ 24 నాటి సీబీడీటీ (అక్కడి ప్రత్యక్ష పన్నుల బోర్డు) సర్క్యులర్ గుర్తుచేశాను. వైకల్యం వల్ల మధ్యలోనే సర్వీసు నుంచి పంపేసినవాళ్ళకే మినహాయింపు, పూర్తికాలం చేసి రిటైరైనవాళ్ళకు లేదన్నారు అందులో. దాని మీద మాజీ సైనికులు సుప్రీంకోర్టుకెక్కారు. ఆ మాటెత్తాక మావయ్య తిట్లు ఆపడం నా వల్ల కాలేదు.

తర్వాత వెన్నునొప్పి కూడా కలిసి రేటింగ్ 60 అయింది. 20 ఏళ్ళ సర్వీసుండి, రేటింగ్ 50 గానీ ఆపైన గానీ ఉంటే సీఆర్‌డీపీ (పెన్షన్, వీఏ సొమ్ము రెండూ పూర్తిగా ఇచ్చే ఏర్పాటు) కింద ఆ కోత ఉండదు, దరఖాస్తు కూడా అక్కర్లేదు. వీఏ సొమ్ము వీఏదే, పెన్షన్ పెన్షనే. కాకపోతే పెన్షన్ మళ్ళీ మొత్తంగా పన్నులోకి వచ్చింది.

దీనికి బదులు సీఆర్‌ఎస్‌సీ అనే ప్రత్యేక పరిహారం తీసుకోవచ్చు, దానికి పన్ను లేదు. అది యుద్ధ సంబంధమైన గాయాలకే. పారాచూట్ దూకడంలాంటి ప్రమాదకర విధులూ అందులోకి వస్తాయి గనక దాని దరఖాస్తు డీడీ 2860 ఫారం నింపి ఆర్మీకి పంపాను. మోకాళ్ళకు ఒప్పుకున్నారు, వెన్నుకు ఒప్పుకోలేదు. రెండూ కలిపి తీసుకునే వీల్లేదు. పన్ను పోగా కూడా నాకు సీఆర్‌డీపీయే కాస్త ఎక్కువ తేలింది, దాన్నే ఉంచుకున్నాను. ఏటా జనవరిలో మార్చుకునే అవకాశం ఇస్తారు.