మోదుగ మీద వేసిన నింద

పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు మన బడి గురించి రాసేవాళ్లు గంట గురించీ, బెత్తం గురించీ, పదో తరగతి వీడ్కోలు సభ గురించీ ఎలాగూ రాస్తారు. నేను చెరువు కట్ట వెనక ఉన్న మోదుగ చెట్ల గురించి రాస్తాను. తెలుగు సారుకూ సైన్సు సారుకూ మధ్య అవి పెట్టిన తగవు మా బ్యాచి వాళ్లు మరిచిపోయి ఉండరు.

తెలుగు సారు పాఠంలో ఏ పువ్వూ ఉత్త పువ్వు కాదు. ప్రతిదానికీ ఒక హోదా, లేకపోతే ఒక శిక్ష. మొగలిపువ్వు బ్రహ్మ తరఫున దొంగసాక్ష్యం చెప్పి శివపూజకు దూరమైంది. జిల్లేడును పెరట్లోకి రానివ్వని వాళ్లే హనుమంతుడికి ఆ పూలతో దండ గుచ్చుతారు. తక్కిన పూలు నేల రాలితే పూజకు పనికిరావు, పారిజాతాలను మాత్రం నేల మీది నుంచే ఏరుకోవాలి. మన్మథుడి అయిదు బాణాలను ఆయన ఎక్కాల్లాగే వల్లె వేయించేవారు: తామర, అశోకం, మామిడి పూత, నవమల్లిక, నల్లకలువ. కాముని పున్నమికి ఊరంతా తిరిగి కట్టెలు పోగేసే మాకు, ఆ కాముడి బాణాల్లో ఒకటి బడి పక్క మామిడితోటలోనే పూస్తుందని తెలియడం ఎంత గొప్పగా అనిపించిందో!

మోదుగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సారుకు దయ ఉండేది కాదు. రూపం, వయసు, గొప్ప వంశం ఉన్నా చదువు లేనివాడు వాసన లేని మోదుగపువ్వులా రాణించడని సంస్కృతంలో ఒక సుభాషితం ఉంది. పద్యం అప్పజెప్పలేనివాడు ఆ రోజు పౌడరు పూసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడంటే వాడికి ఆ శ్లోకం తప్పదు. మా బెంచీలో ఒకడికి చివరికి ‘మోదుగ’ అన్న పేరే స్థిరపడిపోయింది. వాళ్లింట్లో మోదుగాకు విస్తళ్లు కుట్టి అమ్మేవారు కాబట్టి ఆ పేరు మరింత గట్టిగా అంటుకుంది.

సైన్సు సారుకు ఆ శ్లోకం గిట్టేది కాదు. ఒంటిపూట బళ్లు మొదలైన కొత్తలో, ఒక ఉదయం మొదటి పీరియడులోనే మమ్మల్ని కట్ట వెనక్కి నడిపించారు. చెట్లకు ఆకన్నది లేదు. కొమ్మల నిండా పూలే. కొయ్యొద్దు, రాలినవి చాలు అన్నారు. తలా ఒకటి తీసుకున్నాం. అడుగున ముదురు గోధుమరంగు రక్షక పత్రావళి, దాని మీద వేలికి మెత్తగా తగిలే నూగు. వెనక నిటారుగా ఒక పెద్ద రేకు, పక్కల రెండు, ముందు రెండు కలిసిపోయి చిలుక ముక్కులా వంగి ఉన్నాయి. ఆ ముక్కును గోటితో చీల్చమన్నారు. లోపల పది కేసరాలు, తొమ్మిది ఒకే కట్టగా, ఒకటి విడిగా. చిక్కుడు, కంది అన్నీ దీని చుట్టాలే అన్నారు. ఇంతలో ఒక గోరింక వచ్చి పూలలో ముక్కు దూర్చి, తేనె తాగి తల ఎత్తింది. నుదుటి మీద పుప్పొడి!

“చూశారా? పక్షిని పిలవడానికి రంగు చాలు. వాసన ఎవరికి కావాలి? చీకట్లో విచ్చుకునే తెల్లపూలకు. రెక్కల పురుగు వెతుక్కుంటూ రావాలి కదా” అన్నారు సారు.

ఆ మాట సాయంత్రానికల్లా తెలుగు సారు చెవిన పడింది. ఆయన కోప్పడలేదు. మరునాడు తరగతికి వచ్చి, “ఆ శ్లోకం పక్షుల కోసం రాసింది కాదురా, మీ కోసం రాసింది” అని పాఠంలో పడిపోయారు. ఎవరిది పైచేయో మాలో మేం ఏడాది పొడుగునా వాదించుకున్నాం. నా మొగ్గు ఇప్పటికీ సైన్సు సారు వైపే. శ్లోకం కట్టినాయన మోదుగను దూరం నుంచే చూసి ఉంటాడని నా అనుమానం.

విస్తళ్ల మిత్రుడి తల్లికి ఈ రెండు వాదాలతోనూ పని లేదు. పువ్వు కనబడిందంటే కొద్ది వారాల్లో కొత్తాకు వస్తుంది, వైశాఖం పెళ్లిళ్లకు విస్తళ్లు అందించాలి, పుల్లలు చీల్చి పెట్టుకోవాలి. ఆమెకు మోదుగపువ్వు ఒక కబురు. రాలిన పూలను మాత్రం మాకు వదిలేసేది. హోళీ ముందురోజు రాత్రి వాటిని పెద్ద గిన్నెలో మరిగించి, చిటికెడు సున్నం కలిపితే పసుపు కాస్తా ముదురు నారింజలోకి తిరిగేది.

తురాయి చెట్టు సంగతి వేరు. అది మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు, పురాణాల్లో దానికి చోటు లేదు. అందుకే కాబోలు మేం దాన్ని పూర్తిగా ఆటకే వాడుకున్నాం. కేసరాల తలలు ఒకదానికొకటి మెలేసి లాగడం, ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు. పుల్లటి రేకులు తినేసేవాళ్లం. ఉగాదికి బడిలోని వేపచెట్ల కింద దుప్పటి పరిచి పూత దులిపేవాళ్లం.

ఇప్పుడు ఎర్ర గులాబీ అంటే ప్రేమ, పసుపు గులాబీ అంటే స్నేహం అని దుకాణాల్లో పట్టికలు పెడుతున్నారు. ఏడాది పొడుగునా దొరికే పువ్వుకు ఎన్ని అర్థాలు తగిలిస్తే ఏమిటి, దాని కోసం ఎవరూ ఎదురుచూడరు. తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది, బతుకమ్మ పుణ్యమా అని. మా తెలుగు సారు చిన్నచూపు చూసిన మోదుగను జార్ఖండ్ వాళ్లు తమ రాష్ట్ర పుష్పం చేసుకున్నారు. ఈ సంగతి సారుకు చెప్పి ఉంటే ఇంకో శ్లోకం వెతికేవారు.

సంచిక కమిటీ వారికి ఒక మనవి. సెలవులకు అనుకూలమని సమ్మేళనాన్ని ప్రతిసారీ డిసెంబరులో పెడుతున్నారు. అప్పుడు కట్ట వెనక చూడటానికి ఏమీ ఉండదు. ఈసారి హోళీకి ముందు ఆదివారం పెట్టండి. పొద్దున్నే ఏడింటికల్లా కట్ట మీద కలుద్దాం, ఎండెక్కితే పక్షులు నిలవవు. ఆవరణలో నాటడానికి నర్సరీ మొక్కలు కొంటున్నామని రాశారు. మోదుగకు ఆ ఖర్చు అక్కర్లేదు. ఎండాకాలంలో కాయలు రాలతాయి, ఒక్కో కాయకు కొసన ఒకే గింజ. ఆ ఏటి తాజా గింజనే తొలకరికి నాటాలి, దాచిపెట్టిన పాతది మొలకెత్తడం కష్టం. మా విస్తళ్ల మిత్రుడు ఇప్పుడు మిషను పెట్టి ఆకు ప్లేట్లు చేస్తున్నాడు. గింజలు ఏరి పంపడానికి ఒప్పుకున్నాడు, ఎన్ని కావాలో మే నెలలోగా చెప్పమన్నాడు.